అమ్మవారు పోసిన ఆరు రోజులు

"ఇయ్యాల్టి నుంచి గోలీలు బంద్ బిడ్డా. పిలగానికి తల్లి వోసింది," అంది సమ్మమ్మ, గుమ్మానికి వేపమండ కడుతూ.

ఆశా కార్యకర్త జ్యోతి మాత్రలు తీయబోయి ఆగిపోయింది. సమ్మమ్మ కొడుకు భానుచందర్‌కు టీబీ మందులు మొదలుపెట్టి ఇరవై రెండు రోజులే అయింది. రోజూ తెచ్చి, ఎదురుగా నిలబడి మింగించేది జ్యోతే.

లోపల చాప మీద వేపాకు పరిచి అతన్ని పడుకోబెట్టారు. కాలిపోయే జ్వరం. ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. వాడకట్టులో అప్పటికే ఇద్దరు పిల్లలకు అమ్మవారు పోసి ఉండటంతో జ్యోతికీ వేరే అనుమానం రాలేదు.

"పోస్తే పోసింది గని గోలీలు ఆపొద్దు పెద్దమ్మా. నడుమల ఆపితే రోగం మొండిదైతది."

"తల్లి ఒంటి మీదుండంగ మందు మింగుతరా? చర్చికి పోయేదానివి, నీకేమెరుక?"

"మా ఆయన బెన్నీ గిట్లనే ఆపిండు. దగ్గు తగ్గిందని మూడో నెలల బంద్ పెట్టిండు. క్రిస్మస్ దాక బతకలే."

సమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. అంతేగాని మాట మార్చుకోలేదు. మొండితనంలో ఆ ఊళ్లో ఆమె తర్వాతే ఎవరైనా. గంటసేపు నచ్చజెప్పి, బతిమాలి, చివరికి జ్యోతే తగ్గింది.

ఆ మధ్యాహ్నమే తలస్నానం చేసి, చెప్పులు వీధిలోనే వదిలి, చెంబెడు రాగిజావ పట్టుకొచ్చింది.

"చలువ చేస్తది పెద్దమ్మా. తల్లి కూడ కాదనదు."

రోజూ అలాగే వచ్చింది. భానుచందర్ గుటక వేయలేక మూలుగుతుంటే తల నిమురుతూ, చెంచాతో చివరి చుక్కదాకా పట్టేది. "కడుపుల పుట్టిన బిడ్డ కూడ ఇంత చెయ్యది," అని సమ్మమ్మ వాడకట్టంతా చెప్పుకుంది.

కానీ పొక్కులు తగ్గలేదు. పెదవులు పగిలి నెత్తురు కారింది. కళ్లు పచ్చబడ్డాయి. ఆరో రోజు వీపు తుడవబోతే చర్మం ఉడికిన టమాటా తొక్కలా ఊడి వచ్చింది. జ్యోతికి భయమేసింది. ఆటో పిలిచింది.

"దవాఖానకు తీస్కపోతే తల్లి అలుగుతది!"

"అలిగితే నా మీద అలుగనీ. ముందు ఎక్కు."

వరంగల్లు ఆసుపత్రిలో డాక్టరమ్మ టీబీ మందుల కార్డు చదివి, భానుచందర్‌ను ఒక్క చూపు చూసి నొసలు ముడిచింది.

"ఇది అమ్మవారు కాదు. టీబీ మందు ఒంటికి పడలేదు. కాలేయం కూడా దెబ్బతింది. చివరి మాత్ర ఎప్పుడు వేశారు?"

సమ్మమ్మ చేతులు జోడించింది. "పొక్కులు లేసిన నాడే ఆపిన మేడం. ఆరు దినాలైంది. తల్లి మీద ఒట్టు."

"తెలియక చేసినా మంచి పని చేశావమ్మా. అప్పుడే ఆపితే చాలామంది బయటపడతారు." డాక్టరమ్మ మళ్లీ భానుచందర్ వైపు చూసింది. "మరి ఆపినా ఎందుకింత ముదిరింది? ఏదీ దాచకండి. నాకు తెలియకపోతే ఇతన్ని కాపాడలేను."

జ్యోతి ముందుకొచ్చింది.

"ఆపలే మేడం," అంది, "ఒక్క పూట తప్పినా బెన్నీ లెక్కనే పోతడని, దినాం ఆ గోలీలు నూరి రాగిజావల కలిపి నేనే తాపిన."