బండ్లు రాని సెంటర్

ఒక్క ఓటుతో ఓడిపోయాను. వంద ఓట్లతో ఓడితే జనం జాలిపడతారు. ఒక్క ఓటుతో ఓడితే నవ్వుతారు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వరండాలో విచారణ మొదలుపెట్టేసింది. ముద్దాయి ఆమె సొంత తమ్ముడే.

"నిజం చెప్పరా. ఎవరికేశావు?"

"బావకే అక్కా! నిచ్చెన మోసుకెళ్లి గోడగోడకీ పోస్టర్లు అంటించిందెవరు మరి?"

నిజమే. అంటించింది వాడు. వాటిలో ఉన్న ఆలోచనలు మాత్రం నావి. ఊరి సెంటర్లోకి ఇకమీదట బండ్లు రాకూడదు. నడిచేవాళ్లకి చదునైన దారి, నీడకి చెట్లు, చెట్ల కింద బెంచీలు. ఎప్పుడో నాలుగుంపావుకి ఆగిపోయిన గడియారానికి మరమ్మతు. మైకు దొరికితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. బెంచీలకి ఏ రంగు వేయిస్తానో కూడా చెప్పేవాణ్ని.

అవతలి అభ్యర్థికి హామీ ఒక్కటే. సెంటర్‌ని ఉన్నది ఉన్నట్టే ఉంచుతాడట. ఎంత నవ్వుకున్నానో!

ఒక సభలో టీకొట్టు పెద్దాయన లేచాడు.

"బండ్లు రాకపోతే, అక్కడున్న నీ స్కూటర్ రిపేరు షాపు ఏం కానూ?"

"ముందు ఊరు, తర్వాతే నా షాపు!" అన్నాను.

చప్పట్లు మోగిపోయాయి. నా మాటకి నాకే కళ్లు చెమర్చాయి. అంత గొప్పవాణ్నని అప్పటిదాకా నాకూ తెలీదు.

వరండాలో మా ఆవిడ గొంతు పెరిగింది.

"సెంటర్లోకి నీ టాక్సీని రానివ్వరనే కదరా, బావకి వెన్నుపోటు పొడిచావు?"

"టాక్సీ పోతే ఇంకో పని చూసుకుంటానక్కా. బావ గెలవాలనే కదా నేను..."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. ఇక నా గడప తొక్కకు."

"పోనీలేవే," అన్నాను గోడకేసి చూస్తూ.

"చూశావురా? ఇంత చేసినా నిన్ను వెనకేసుకొస్తున్నారు. ఈయన మనిషి కాదు, దేవుడు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాడు చెప్పులేసుకుని మెట్ల దాకా వెళ్లి ఆగాడు. రెండు నెలలుగా ఎండలో తిరిగి మొహం నల్లబడిపోయింది.

"నువ్వయినా నమ్ముతావా బావా?"

"నమ్ముతాన్రా," అన్నాను.

నాకన్నా గట్టిగా వాణ్ని నమ్మగలిగేవాడు ఈ ఊళ్లోనే లేడు. పోలింగ్ గదిలో అడ్డు అట్ట వెనక ఒంటరిగా నిలబడి, జేబులో షాపు తాళంచెవులు చేతికి తగిలేసరికి, అవతలి అభ్యర్థి గుర్తు పక్కనున్న మీట నొక్కినవాణ్ని నేనే.