మోకాళ్ల పరీక్ష

స్నానాల గదిలో చిట్టి గరుకు రాయితో మోకాళ్లు రుద్దుకుంటోంది. చర్మం ఎర్రబడిందే తప్ప కాయ కట్టలేదు. నెలల తరబడి నేలకు ఆనని మోకాళ్లు ఒక్క పూటలో కాయలు కాస్తాయా?

బయటినుంచి తలుపు తట్టిన చప్పుడు.

"ఎంతసేపే? అవతల అందరూ వచ్చేసుంటారు," అంది తల్లి.

వాళ్ల సంఘంలో లెక్క సూటిగా ఉంటుంది. రోజూ కటిక నేల మీద, దీపం ఆర్పేసి, గంటల కొద్దీ మోకరిస్తే దేవుడు కరుణిస్తాడు. బైబిలు చదవడం పెద్దల పని. మోకాళ్లు అరగదీయడం మిగతావాళ్ల పని. ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది. మగవాళ్లను సంఘ పెద్ద చూస్తాడు, ఆడవాళ్లను చిట్టి తల్లి చూస్తుంది. కాయలు లేకపోతే వెలి. వెలివేసిన మనిషికి సొంతవాళ్లయినా తలుపు తియ్యకూడదు.

చిట్టి మేనమామను అలాగే వెలివేశారు. ఆయన బయట తలుపు కొడుతుంటే, లోపల తల్లి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ మరుసటి ఏడే ఈ పరీక్ష పని అడిగి మరీ తీసుకుంది. అప్పటినుంచి ఆడవాళ్ల వైపు ఒక్కరూ తప్పలేదు. ఆమె అంటే అంత హడల్ అని అందరూ చెప్పుకుంటారు.

ఆమె భక్తి కూడా అలాంటిదే మరి. తెల్లారకముందే కళ్లజోడు పట్టుకుని ప్రార్థన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుందంటే, పొద్దెక్కితే గానీ బయటికి రాదు.

చిట్టి దారి మారింది తను పనిచేసే ఇస్త్రీ దుకాణంలో. ఎవరిదో కోటు జేబులో చిన్న బైబిలు దొరికింది. తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకోమ్మా, చదువు," అన్నాడాయన. తెరవడానికి వెనకాడింది. తెరిచాక మూయబుద్ధి కాలేదు. రక్షణ దేవుడు ఊరికే ఇచ్చేదట, మోకాళ్లరిగేలా కష్టపడి కొనుక్కునేది కాదట. ఆ రోజు ఇస్త్రీ బల్ల దగ్గర, ఆవిరిలో నిలబడే ప్రార్థించింది. పుట్టి బుద్ధెరిగాక భయం లేకుండా చేసిన ప్రార్థన అదొక్కటే.

చేతిలో రాయి వంక చూసుకుంది. ఊరికే దొరికిందని నమ్మినదానికి ఈ దొంగ కాయలెందుకు? సిగ్గేసింది. రాయిని కిటికీలోంచి విసిరేసింది.

సంఘం హాలులో ఆడవాళ్లు బల్లల మీద వరసగా కూర్చున్నారు. "నావి పట్టుకు చూడవే, చెప్పు అట్టల్లా ఉన్నాయి!" అని పక్కనున్న పెద్దావిడ మురిసిపోతోంది. తల్లి ఒక్కొక్కరి దగ్గరా వంగి బొటనవేలితో నొక్కి చూస్తూ వస్తోంది.

చిట్టి వంతు వచ్చింది. బొటనవేలు మోకాలి మీద ఆగిపోయింది. చిట్టి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందక్కడ?" తెర అవతలి నుంచి సంఘ పెద్ద గొంతు.

"ఏం లేదండీ. కాయలు గట్టిగానే ఉన్నాయి," అంది తల్లి. "ఊఁ, తర్వాత ఎవరు?"

ఇంటికొచ్చాక చిట్టి ఉండబట్టలేకపోయింది.

"అబద్ధమెందుకు చెప్పావమ్మా? కంచే చేను మేస్తే ఎలా? నేను మోకరించడం మానేశాను. బైబిలు చదువుతున్నాను. నా కోసం నువ్వు పాపం మూటగట్టుకోవద్దు. పెద్దాయనకి నేనే చెప్పేస్తాను."

"గట్టిగా అరవకే."

"నాకూ తలుపులు మూస్తావు, అంతేగా? మూసెయ్. మామయ్యకి మూసినట్టే మూసెయ్!" చిట్టికి ఏడుపు ఆగలేదు. ఈ ఇల్లు, ఈ అమ్మ తప్ప తనకెవరూ లేరు.

తల్లి లేచింది. వీధి తలుపు గడియ పెట్టి వచ్చి మంచం అంచున కూర్చుంది. కూతురి చెయ్యి పట్టుకుని, తన గౌను కొంచెం పైకి జరిపి, ఆ చేతిని మోకాలి మీద పెట్టుకుంది.

ఇన్నేళ్లుగా అందరి మోకాళ్లూ తడిమి చూసిన ఆ మనిషి మోకాలి మీద కాయ కాదు కదా, చిన్న గరుకైనా లేదు.