ముట్టని నీళ్లు

దుబాయి విమానాశ్రయం బయట జనంలోంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. రాహేలు తిరిగి చూడకముందే ఆ గొంతు దీనాదని గుర్తుపట్టింది. ఎన్నేళ్లయినా ఆ గొంతు మారలేదు. కానీ దీనా తనే ఎదురొస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఇంకా చెప్పులు చేతుల పట్టుకొనే నడుస్తున్నవా?" అంది దీనా.

కాలు కరుస్తున్న కొత్త చెప్పులు రాహేలు చేతిలోనే ఉన్నాయి. బీదర్ మిషన్ బోర్డింగ్‌లో ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్న రోజుల్లోనూ దీనా ఇలాగే ఎకసెక్కాలాడేది. అప్పుడైతే రాహేలు ఆమె వీపు మీద ఒకటి చరిచేది. ఇప్పుడు నవ్వబోయింది, నవ్వు రాలేదు. దీనా కూడా నవ్వలేదు. ఆ ఒక్క మాట అనేసి చూపు దించుకుంది.

పక్కనున్న అంబాదాస్ సంచి అందుకున్నాడు. వాళ్ల బీదర్ జిల్లాలోనే చిట్గుప్ప మనిషి. పరాయి దేశంలో కష్టాన పడ్డ మనవాళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతుంటాడు. రాహేలుకు వీసా తెప్పించిందీ అతనే. కారు కదలగానే ఇద్దరికీ సంగతి మరోసారి చెప్పాడు. రేపు పొద్దున ఆఖరి వాయిదా. చనిపోయినవాడి తల్లి జడ్జి ఎదుట నిలబడి, క్షమించానని నోటితో చెప్పాలి. చెబితే జైల్లో ఉన్న నోయల్ బయటికొస్తాడు. చెప్పకపోతే ఉరి. ఇంకెవరి మాటా చెల్లదు.

"జర మనసు గట్టి చేసుకోండ్రి," అన్నాడు. "ఆఖరి గడియల మాట మార్చినోళ్లను గూడ చూసిన."

ఇద్దరు తల్లులూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇద్దరి మగవాళ్లూ చనిపోయాక దీనా ఆయా పనికి ఈ దేశం వచ్చేసింది. వాళ్ల ఊరు మన్నళ్ళిలో పిల్లలిద్దరికీ రాహేలే వండిపెట్టింది. నోయల్, జీవరాజ్ ఒకే పళ్లెంలో తిని పెరిగారు. హైదరాబాద్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో అక్కడికి పోయి వైరింగ్ పని నేర్చారు. మేస్త్రీ వెంట ఇద్దరూ దుబాయి వచ్చి ఒకే గదిలో దిగారు. ఒక సెలవు రోజున కూర ఎవరి వల్ల మాడిందన్న దాని మీద మాటా మాటా పెరిగింది. నోయల్ చేయి లేచింది. ఆ చేతిలో ఇనుప గొట్టం ఉంది. జీవరాజ్ పెట్టెలో ఊరు చేరాడు. నోయల్ జైలుకు పోయాడు. ఆ రోజు నుంచి రాహేలుకూ దీనాకూ మాటల్లేవు.

ఆ పిల్లవాడి ప్రాణం నీ ప్రయాణం మీదే ఉందని పాస్టరు నెలల తరబడి రాహేలుకు చెబుతూ వచ్చాడు. ఆమె కదిలేసరికి నౌబాద్‌లో ఉండే మరిది కాశప్ప వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఏ మొకం పెట్టుకొని పోతవ్ వదినా? రేపు జీవరాజ్ సమాధి కాడ ఏమని నిలబడ్తవ్?"

రాహేలు అతన్ని తప్పుకుని వచ్చేసింది. విమానంలో కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే, నోయల్ పేరు దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచేసింది.

దీనా ఉండేది ఇరుకైన గది. గోడ మీద పిల్లలిద్దరి ఫోటో ఉంది. దీనా ముందుగా అక్కడికే పోయి జీవరాజ్ ముఖం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత గ్లాసుతో నీళ్లు తెచ్చి రాహేలు ముందు పెట్టింది.

రాహేలు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అయినా చేయి చాపలేదు. నెత్తురు పడ్డ రెండు ఇళ్ల మధ్య వాళ్ల వైపు ఊళ్లలో నీళ్లు ముట్టరు. ముట్టారంటే పగ తీరినట్టు. ఆ సంగతి దీనాకూ తెలుసు. తాగమని అనలేదు. కాసేపటికి రాహేలు లేచి, వరండాలో అందరూ పట్టుకునే కుళాయి దగ్గర దోసిలి పట్టింది.

తిరిగొచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెల మూట విప్పింది. దీనా వాటినే చూస్తూ ఉండిపోయింది.

"నీ రొట్టె అంటే పానమిడిసేటోడు," అంది.

అన్నాక గానీ ఆ మాట ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాహేలు తుంచిన ముక్కను మళ్లీ మూటలోనే పెట్టి కట్టేసింది.

"దీనా, రేపు..."

"ఒద్దే. ఇప్పుడేం చెప్పకు. ఇన్నంక తెల్లారెదాక బతకలేను."

పొద్దున అంబాదాస్ వచ్చాడు. గ్లాసులో నీళ్లు అలాగే నిండుగా ఉన్నాయి. చిట్గుప్ప మనిషికి ఆ గ్లాసు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అతని ముఖం వాడిపోయింది.

కోర్టులో ఏసీ చలికి రాహేలు కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. నోయల్‌ను తీసుకొచ్చారు. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ సన్నబడింది. వాడు గదంతా వెతికి, పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దర్నీ చూశాడు. చూసిన వెంటనే తల వంచేసుకున్నాడు. రాహేలు మాత్రం వాడి మీది నుంచి చూపు తిప్పలేదు.

జడ్జి ఏదో అడిగాడు. పక్కన నిలబడ్డ మనిషి దాన్ని తెలుగులో చెప్పాడు. జీవరాజ్ తల్లి లేచి నిలబడాలి. క్షమిస్తుందో లేదో అందరూ వినేట్టు చెప్పాలి.

ఎవరూ లేవలేదు. దీనా బెంచీ అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ఆ మనిషి అదే మాట రెండోసారి చెప్పాడు. అంబాదాస్ కళ్లు మూసుకున్నాడు.

రాహేలు లేచి నిలబడి, "జీవరాజ్‌ను కన్నది నేనే సారూ, నోయల్‌ను ఇడిసిపెట్టుండ్రి," అంది.