మోకాళ్ల మొక్కు

గుణదల కొండ మెట్ల మీద సొలొమోను ఆమె చెయ్యి తొక్కాడు.

చూసుకోక తొక్కాడు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో కొబ్బరికాయ, బుర్రలో ఆదివారం మ్యాచ్. ఇన్ని మోసేవాడికి కాళ్ల కింద ఏముందో ఎక్కడ తెలుస్తుంది?

"అయ్యో, చూళ్లేదమ్మా! అయినా దారికడ్డంగా కూర్చుంటే ఎలాగండీ?"

"కూర్చోలేదు బాబూ, ఎక్కుతున్నా."

అప్పుడు చూశాడు. ఆమె మోకాళ్ల మీద ఎక్కుతోంది. యాభై ఏళ్లుంటాయేమో. నుదుట పెద్ద బొట్టు. మోకాళ్ల దగ్గర చీర దుమ్ముకొట్టుకుపోయి, అక్కడక్కడా ఎర్రగా తడిసింది.

మేరీమాత తిరనాళ్లకి బొట్టు పెట్టుకున్నవాళ్లు రావడం కొత్తేం కాదు. కానీ ఈమె అవస్థ చూస్తే వాడికి జాలేసింది.

"ఎవరి కోసమమ్మా ఇంత కష్టం?"

"ఒక కుర్రాడి కాలు బాగవ్వాలని."

"మీ అబ్బాయా?"

"మొక్కు తీరేదాకా ఎవరి కోసమో చెప్పకూడదు నాయనా. మరి నీ మొక్కేంటి?"

సొలొమోను నవ్వాడు. "మా అమ్మ కొట్టి రమ్మన్న కొబ్బరికాయండీ. ఆదివారం కలకత్తా క్లబ్బువాళ్లు నా ఆట చూడ్డానికొస్తున్నారు. నచ్చితే జీతమిచ్చి తీసుకెళ్తారు. ఫుట్‌బాలే ఉద్యోగం."

"అయితే బాగా ఆడు."

"ఆడలేనమ్మా."

మాట జారిపోయింది. కోచ్‌కి చెప్పలేనిది, కన్నతల్లికి చెప్పలేనిది ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేశాడు.

"నేను ఫుల్ బ్యాక్‌ని. గోలు మీదికొచ్చేవాడికి అడ్డంగా కాలు పెట్టి బంతి లాక్కోవాలి. కిందటేడు అలా పెడితే ఒకడి కాలు విరిగింది. కావాలని కాదమ్మా, మాత సాక్షి. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అప్పట్నుంచీ బంతి దగ్గరికెళ్లేసరికి నా కాలు వెనక్కొచ్చేస్తోంది."

కాలు పెట్టని ఫుల్ బ్యాక్ తలుపు లేని ఇంటితో సమానం. పటమట కుర్రాళ్లు వాడికి అప్పుడే 'దారిచ్చే దొర' అని పేరు కూడా పెట్టేశారు.

ఆమె తలెత్తి వాడి మొహంలోకి చూసింది.

"నీ పేరేంటి బాబూ?"

"సొలొమోను."

ఆమె మెట్టు మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. మోకాళ్ల నొప్పి కాబోలనుకున్నాడు.

"ఆ అబ్బాయిని చూసొచ్చావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు? వాళ్లమ్మ నన్ను తిట్టని తిట్టు లేదట."

"కడుపు మండి తిట్టుంటుంది. కడుపు చల్లారాక అదే నోరు ఏడుస్తుంది." ఆమె కళ్లు తెరిచింది. "విరిగిన కాలు అతుక్కుంటుంది బాబూ. అతనీపాటికి నడుస్తూనే ఉంటాడు. కుంటుతున్నది నువ్వే. ఆదివారం కాలు పెట్టు. ఎవరికీ ఏం కాదు. నేను చెబుతున్నాగా!"

ఈవిడకేం తెలుసు ఫుట్‌బాల్ గురించి? అయినా ఆ మాటకి వాడి గుండె తేలికపడింది. బ్యాగులోంచి తన మోకాలి పట్టీలు తీసి ఇచ్చాడు.

"ఇవి వేసుకుని ఎక్కండమ్మా."

"నొప్పి తెలియకుండా ఎక్కితే అది మొక్కెలా అవుతుంది?" అంటూనే వాటిని కళ్లకద్దుకుని కొంగున కట్టుకుంది. "మాత పాదాల దగ్గర పెడతాను. కాలు పెట్టడం వచ్చాక వచ్చి తీసుకెళ్లు."

ఎక్కడికొచ్చి తీసుకోవాలో ఆమె చెప్పలేదు. ప్రాక్టీసు హడావిడిలో వీడూ అడగలేదు.

ఆదివారం మొదటి సగంలోనే ఒక ఫార్వర్డు బాణంలా దూసుకొచ్చాడు. సొలొమోను కాలు అలవాటుగా వెనక్కి రాబోయింది. 'నేను చెబుతున్నాగా' అన్న మాట చెవిలో పడింది. కాలు పెట్టాడు. బంతి ఒక్కటే వచ్చింది. ఏ చప్పుడూ కాలేదు.

వేసవికల్లా వాడు కలకత్తాలో ఉన్నాడు.

అక్కడ ఆడుతున్నంతకాలం తిరుపతిరావు గుర్తొస్తూనే ఉన్నాడు. తను కాలు విరగ్గొట్టింది ఆ తిరుపతిరావుకే. వెళ్లి క్షమించమని అడగాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఆ ఏడు గడిచిపోయింది. క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు మాత్రం మనసు గట్టి చేసుకుని, మిఠాయి పొట్లం పట్టుకుని కంకిపాడు బస్సెక్కాడు.

తిరుపతిరావు కొద్దిగా కుంటుతూ ఎదురొచ్చి కావలించుకున్నాడు.

"రావయ్యా సొలొమోనూ! కంకిపాడు రావడానికి ఇన్నాళ్లా? కలకత్తాకంటే దూరమా?"

సొలొమోను చూపు గోడ మీద ఆగిపోయింది. మేకుకి తిరుపతిరావు పాత బూట్లు వేలాడుతున్నాయి. వాటి పక్కనే ఉతికి ఆరేసిన మోకాలి పట్టీలు. వాటి మీద సొలొమోను తల్లి అమలమ్మ ఎర్రదారంతో కుట్టిన గుర్తు.

"ఇవి..."

"మాత పాదాలకి తాకించి మా అమ్మ తెచ్చి పెట్టింది. ఎప్పటికైనా నువ్వొస్తావంది. వస్తే ఇవ్వమంది."

"అమ్మగారేరి?"

"కార్తీకంలో పిన్నిని చూసొస్తానని నాగాయలంక వెళ్లింది. ఆ వారమే ఉప్పెన..."

సొలొమోను మేకు మీది పట్టీలు తీసి చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ కాలు కోసం ఆ కొండంతా మోకాళ్ల మీద ఎక్కింది తిరుపతీ!" అన్నాడు. "నేను చూసుకోక ఆవిడ చెయ్యి తొక్కాను."

తిరుపతిరావు తల అడ్డంగా ఊపాడు.

"నా కాలు డాక్టర్లే అతికించారు. ఆ రోజు ఆస్పత్రి ముందు నీ కాలు పడిపోవాలని అమ్మ మన్నెత్తి పోసింది. తర్వాత నువ్వు గ్రౌండులో కాలు పెట్టలేకపోతున్నావని నేనే చెప్పాను. అదంతా తన నోటి వల్లేనని అన్నం మానేసింది. ఎవరి బిడ్డని శపించానో ఆ మేరీమాత దగ్గరే శాపం వెనక్కి తీసుకుంటానని బయల్దేరింది. ఆ కొండ ఎక్కింది నీ కాలు కోసం."