ఎరుపు పోయేదాకా

మోటారును గోడకు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ విరిగిన రోజే రుక్మాబాయి పని ఆగిపోయింది. వచ్చిన గిరాకీని వచ్చినట్టే వాపస్ పంపుతోంది.

వెల్డింగ్ చేయిస్తే సాయంత్రానికి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చని ఆమె అంది. భర్త జగన్మోహన్‌రావు ఒప్పుకోలేదు. ఆయన కరీంనగర్‌లో ఇంజనీరింగ్ లెక్చరర్. కాలేజీకి ఆ ఏడే కంప్యూటర్లు వచ్చాయి.

"బరువు ఏడ పడుతదో చూడకుండ పెడితె, రేపు ఊడిపడి ఎవరి పానమన్న పోతె?" అన్నాడు.

చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లాడు. తెర మీద బ్రాకెట్ బొమ్మ గీసి, దాని మీద బరువు పెట్టాడు. తట్టుకునే చోట నీలం, విరిగే చోట ఎరుపు కనిపిస్తుంది. ఒక మూలన చిన్న ఎర్ర మచ్చ వచ్చింది. ఇనుము మందం పెంచాడు. మచ్చ పోయింది.

అంతలో తోటి లెక్చరర్ సుదర్శన్‌రావు వచ్చి, గ్రానైట్ క్వారీల పేలుళ్ల అదురు కలిపావా అని అడిగాడు. కలపగానే మళ్లీ ఎరుపు. మందం మళ్లీ పెంచాడు. ప్రిన్సిపాల్ భూపాల్‌రావు పోయినేటి లాతూర్ భూకంపం గుర్తుచేశాడు. బ్రాకెట్ సగం ఎర్రబడింది. ఎవరైనా దాన్ని పట్టుకుని వేలాడితే ఎట్లా అన్న అనుమానం మాత్రం జగన్మోహన్‌రావుకు సొంతంగానే వచ్చింది.

శ్రావణం దగ్గరపడింది. గిరాకీ అంతా వెనక వాడకట్టు పోశవ్వ దగ్గరికి పోతోంది. రుక్మాబాయి మాట్లాడటం తగ్గించింది. ఆయన ఇంటికి రాగానే, "రంగులు అయినయా?" అని మాత్రం అడిగేది.

చివరికి ఒక మధ్యాహ్నం తెర మొత్తం నీలమైంది. జగన్మోహన్‌రావు కళ్లు చెమర్చాయి.

వెల్డింగ్ షాపు ఆశీర్వాదం బ్రాకెట్‌ను ట్రాక్టర్‌లో తెచ్చాడు. నలుగురు పట్టి దించారు. దాన్ని గోడ మోయదని అప్పుడు తెలిసింది. గోడ తీయించి గ్రానైట్ స్తంభం నాటించారు. బ్రాకెట్‌ను దానికి బిగించారు. భూపాల్‌రావు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు.

"ఇగ మోటారు రానియ్యండి," అన్నాడు జగన్మోహన్‌రావు, చెమట తుడుచుకుంటూ.

అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

రుక్మాబాయి లోపలికి వెళ్లి, తన కుట్టు మిషన్ మోటారును అరచేతిలో పెట్టుకుని వచ్చింది.