సామాన్ల కాపలా

ఉత్తరాది టూరు నుంచి వచ్చిన మర్నాడే అండాలమ్మ ఎల్బీనగర్‌లో తన ఇంటికి వాడకట్టు ఆడవాళ్లను పిలిచి, ఆగ్రా కోట, జైపూర్ మహళ్లు అన్నీ చేతులూపుతూ వర్ణించింది.

"అడవిల జీపెక్కి పొద్దూకేదాంక తిరిగినం. పులి తోక గూడ కనబడలే," అని నిట్టూర్చింది.

భర్త జంగయ్య మూలన చాయ్ తాగుతున్నాడు. బస్సు ఎక్కడాగినా అందరి సంచులకూ చెప్పులకూ కాపలా ఆయనే.

"నువ్వేం జూసినవన్నా?" అంది పక్కింటామె మర్యాదకి.

"పులిని."

అందరూ ఆయన వైపు తిరిగారు. "ఎక్కడ?" అంది అండాలమ్మ.

"బస్సు కాడ. నీ సంచిల కారప్పొడి వాసన జూసి, తుమ్మి పోయింది."

"మరి నాకు చెప్పలేదేంది?"

"ఏం జూసినవని ఎవరన్న అడుగుతరేమో అనుకున్న. ఇయ్యాల గీ చెల్లె అడిగింది."