రెండో మీట

టాబ్లెట్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అయినా దాని మీద అక్షరాలు పడుతున్నాయి.

ముందుగా చూసింది రూబెన్. ఏలూరు కాలువ పక్క వీధిలో, అతని ఇంటి హాల్లో అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. పాస్టరు కృపావరంగారు ప్రార్థన చేస్తున్నారు. పాటలు చూసి పాడుకోవడానికి టీపాయ్ మీద నిలబెట్టిన టాబ్లెట్‌లో, ఆఖరి పాట కింద ఖాళీలో, ఒక్కో అక్షరం ఆగి ఆగి వచ్చి కూర్చుంటోంది. ఇంగ్లీషు అక్షరాలు. మాట మాత్రం తెలుగు.

"వింటున్నాను."

మా మొర నీకు వినబడుతోందా ప్రభువా అని కృపావరంగారు అడిగి నిమిషమైనా కాలేదు.

వీధిలో వ్యాను ఆగి ఉంది. వానాకాలంలో మెదడులో నరం చిట్లి పడిపోయిన అతని భార్య పెర్సిస్‌ను తీసుకెళ్లడానికి వచ్చింది. ఆమె కళ్లు తెరుస్తుంది, మూస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. మనిషిలో ఎరుక లేదని, ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. కలిదిండి చేపల చెరువుల లెక్కలు ఇంట్లోనే కూర్చుని రాసుకుంటూ, ఆమెకు అన్నీ తానై చేసి చేసి రూబెన్ అలిసిపోయాడు. అలాంటి రోగులను చూసుకునే హోమ్‌లో చేర్చడానికి చివరికి ఒప్పుకున్నాడు.

అత్తిలి నుంచి వచ్చిన అత్తగారు సలోమి పొద్దుటి నుంచి అతనితో ఒక్క మాటే అంది.

"వ్యాను డ్రైవరుకున్న ఓపిక కూడా మీకు లేకపోయిందా అల్లుడుగారూ?"

ప్రార్థన ముగిసి ఇప్పుడు ఆమె కూడా కళ్లు తెరిచింది. అందరూ తెరిచారు. కృపావరంగారు ఆ మాటను పైకి చదివారు. సలోమి మోకాళ్ల మీదికి వాలి, టాబ్లెట్ వైపు చేతులు చాచింది.

"నా బిడ్డను పంపమంటావా తండ్రీ?"

చాలాసేపటికి ఒక అక్షరం పడింది. ఆ వెనక ఇంకొకటి.

"వద్దు."

సంఘంలోని ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు మోకరించారు. తొందర పెడదామని గుమ్మందాకా వచ్చిన డ్రైవరు చెప్పులు విప్పి నిలబడ్డాడు. మళ్లీ అక్షరాలు కదిలాయి.

"ఇక్కడే ఉన్నాను."

రూబెన్ కూడా మోకాలు వంచబోయాడు. అప్పుడు తట్టింది అతనికి. ఇంట్లో ఉన్నది ఒకే కీబోర్డు, వైరు లేనిది. దాని పైఅంచున రెండు మీటలు. ఒకటి నొక్కితే రాసింది కంప్యూటరుకు పోతుంది, రెండోది నొక్కితే టాబ్లెట్‌కు. పొద్దున పాటలు టైపు చేసింది తనే. రెండో మీట మీదే వదిలేసి, లోపలి గదిలో మంచం మీద పెట్టేశాడు. అక్కడ ఏ అక్షరం నొక్కినా వచ్చి పడేది ఇక్కడే.

భక్తి పోయి ఒళ్లు మండుకొచ్చింది. ఇది దేవుడి పని కాదండీ అని అందరికీ కీబోర్డు సంగతి విడమరిచి చెప్పాడు. ఆడవాళ్లు మెల్లగా లేచి చీరలు సర్దుకున్నారు. డ్రైవరు చెప్పులు తొడుక్కున్నాడు. సలోమి మాత్రం లేవలేదు.

ఇంత పనీ చేయగలవాడు బుచ్చిబాబు ఒక్కడే. పెర్సిస్ తమ్ముడు. పెళ్లిలో బావ చెప్పులతోపాటు పాస్టరుగారి చెప్పులు కూడా దాచిన ఘనుడు. అక్కను పంపడానికి వీల్లేదని నిన్నటి నుంచి గొడవ పడుతున్నాడు కూడా. రూబెన్ లోపలి గది కర్టెను వైపు తిరిగాడు.

"చాలించు బుచ్చిబాబూ. దేవుడి పేరు చెప్పి పరాచికాలేంటి? బయటికి రా."

"నేనిక్కడున్నాను బావా," అన్నాడు బుచ్చిబాబు, వీధి గుమ్మంలో డ్రైవరు వెనక నుంచి.

కృపావరంగారు హాల్లో ఉన్న ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చారు. అందరూ ఉన్నారు.

"మరి లోపల ఎవరున్నారు బాబూ?"

రూబెన్ కర్టెను పక్కకు లాగాడు. లోపల, ఆ మంచం మీద, పెర్సిస్ ఒక్కతే ఉంది.